ఇరవై ఆరు అంగుళాల చక్రం

"ఇంకోసారి చదువు," అన్నాడు కరుప్పన్.

"మూడుసార్లు చదివినాను నాయనా."

"నాలుగోసారి చదువు. వాడు విననీ."

తమిళ్‌సెల్వి గోడకు ఆనుకుని నిలబడి చేతిలోని కాగితాన్ని మళ్ళీ విప్పింది. ఇంగ్లీషులో ఉన్న ఒక్కొక్క వాక్యాన్నీ చదివి, దాన్ని ఇంట్లో మాట్లాడే తెలుగులోకి తిప్పి తండ్రికి చెప్పింది.

"పాఠశాల సైకిళ్ళు ఆరు. ఆరూ ఇరవై ఆరు అంగుళాల చక్రాలవి. ఈ సైజు ఇప్పుడు వాడకంలో లేదు. సామాన్లు దొరకవు. ఎక్కితే ప్రమాదం. ఆరింటినీ తీసేయాల." అక్కడ ఆగింది. "కింద అన్న చేవ్రాలు ఉండాది."

మణిమారన్ తల ఎత్తలేదు. కంచంలో ఇడ్లీ సగం అలాగే ఉంది. మూడు రోజులుగా ఆ ఇంట్లో చెల్లెలు తనతో మాట్లాడటం లేదు. మాట్లాడవలసి వస్తే ఇలా తండ్రికి చెబుతున్నట్టు చెప్పేది.

"వాడకంలో లేదంట," కరుప్పన్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "వాడిపట్టి బస్‌స్టాపు కాడ ముప్పై ఏండ్లుగా కూచోని ఉండాను. దినం పది చక్రాలు నా చేతిలో తిరుగుతాయి. అందులో ఎనిమిది ఇరవై ఆరే. అవంతా ఏమిరా, దయ్యాలా?"

"అవి వేరే నాయనా. అవి ఊళ్ళో తొక్కే సైకిళ్ళు. నేను రాసింది కొండ మీద పందేనికి పోయే సైకిళ్ళ గురించి."

"చక్రం చక్రమే కదరా."

"కాదు!" మణిమారన్ గొంతు అనుకున్నదానికంటే పెద్దగా లేచింది. "అదే కదా నేను రెండేండ్లుగా చెప్తా ఉండేది! ప్రపంచమంతా ఇరవై తొమ్మిదికి పోయింది. ఇప్పుడు పందెంలో గెలిచేవాళ్ళంతా దాని మీదనే. మధ్యలో ఇరవై ఏడున్నర వచ్చింది, అది కూడా సగం పోయింది. ముందు చక్రం కుదుపు ఆపే ఫోర్కు, పందేనికి పనికొచ్చే మంచిది కావాలంటే ఇరవై ఆరుకు దొరకదు. నాకు తెలిసిందే రాసినాను."

వంటింటి గడపలోంచి మూకాయి అంది, "మెల్లగా మాట్లాడండి. వాడు ఇష్టపడి రాసినాడా? షోరూం మేనేజరు రాయమంటే రాసినాడు. వేల పోగొట్టుకోని, ఉద్యోగం లేకుండ కూచోమంటారా?"

"అమ్మా, నువ్వు సుమ్మా ఉండు," అన్నారు అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి.

ఒక్క క్షణం ఇద్దరి చూపులూ కలిశాయి. తమిళ్‌సెల్వి వెంటనే ముఖం తిప్పుకుంది.

రేపు సోమవారం. పాత సామాన్ల బండి స్కూలుకు వస్తుంది. సైకిళ్ళు చూసి రాసిమ్మని షోరూముకు పంపిన హెడ్‌మిస్, ఆ కాగితం చూసి భయపడింది. ఏ పిల్లకైనా దెబ్బ తగిలితే ఎవరు జవాబు చెప్పేదంటూ ఆరు సైకిళ్ళనూ షెడ్డులో పెట్టి తాళం వేయించింది. వచ్చే శనివారం సిరుమలై కొండ కింద జరిగే రాష్ట్ర ఎంపిక పందెంలో ఆరుగురు అమ్మాయిలు పాల్గొనాలి. అందులో తమిళ్‌సెల్వి అందరికంటే వేగం. ప్లస్ టూ చదువుతున్న ఆ పిల్ల రెండేళ్ళుగా తెల్లవారకముందే లేచి కాలవ గట్టు మీద తొక్కుతోంది.

"ఈ పొద్దు ఆదివారం," మణిమారన్ చేయి కడుక్కుంటూ అన్నాడు. "వెంకటరామన్ సారును షెడ్డు తెరవమని చెప్పినాను. షోరూం నుంచి ఇరవై తొమ్మిది తెచ్చినాను, బయట ఉండాది. సెల్వి రెండూ తొక్కి చూడనీ. సారు గడియారం పట్టుకోని నిలబడనీ. అప్పుడు తెలుస్తుంది నేను చెప్పింది అబద్ధమా, నిజమా."

"నేను తొక్కను," అంది తమిళ్‌సెల్వి తండ్రితో.

"తొక్కు," అన్నాడు కరుప్పన్. "తొక్కి వాడి నోరు మూయించు."

మణిమారన్ నిన్న సాయంత్రం మాట్టుతావణి దగ్గరున్న షోరూం నుంచి వాడిపట్టి దాకా ఆ సైకిల్‌ను తొక్కుకుంటూ వచ్చాడు. అది కొనేవాళ్ళకు చూపించడానికి ఉంచిన బండి. మేనేజరు అరవిందన్ దాన్ని ఊరికే ఇవ్వలేదు. "స్కూలువాళ్ళు మనవి ఆరు కొంటామని ఒప్పుకుంటే, శనివారం పందేనికి ఈ బండి మీ చెల్లి తొక్కనీ. నేను రాసిస్తా," అన్నాడు. ఆ మాట మణిమారన్ ఇంట్లో ఇంకా చెప్పలేదు. ముందు సెల్వి ఒకసారి దాని మీద ఎక్కాలి. ఎక్కి దిగాక, ఆ ముఖంలో కోపం కాస్త తగ్గాక చెప్పాలి. దారి పొడుగునా అతను ఆ క్షణం గురించే ఆలోచిస్తూ వచ్చాడు.

స్కూలు మైదానంలో వెంకటరామన్ సారు అప్పటికే షెడ్డు తాళం తీసి నిలబడి ఉన్నాడు. నలభై దాటిన వ్యాయామం మాస్టారు. స్కూల్లో తమిళమే మాట్లాడతాడు. వీళ్ళు కనిపిస్తే మటుకు తన ఇంటి తెలుగు బయటికి తీస్తాడు.

"రా అన్నా," అన్నాడు కరుప్పన్‌ను చూసి. మణిమారన్‌ను పలకరించలేదు.

ఆరు సైకిళ్ళూ గోడకు వరసగా ఆనించి ఉన్నాయి. తొమ్మిదేళ్ళ కింద ఒక మిల్లువాళ్ళు దానంగా ఇచ్చినవి. ఒక్కొక్కదాని మీద తెల్ల రంగుతో అంకె రాసి ఉంది, ఒక్కో పిల్లకు ఒక్కో అంకె. తమిళ్‌సెల్వి నేరుగా పోయి నాలుగో నంబరు బండిని బయటికి తీసింది. చక్రం పక్కన చక్రం నిలబెట్టాక తేడా ఎవరికైనా కనిపిస్తుంది. కొత్తదాని పక్కన పాతది పిల్లకాయల బండిలా ఉంది.

"మైదానం గేటు నుంచి కాలవ గట్టు, అక్కడ నుంచి రాళ్ళ బాట ఎక్కి, పైన నీళ్ళ తొట్టి చుట్టి, దిగి రావాల," వెంకటరామన్ వేలితో చూపించాడు. "ముందు ఏది?"

"నాది," అంది తమిళ్‌సెల్వి.

ఆమె వెళ్ళింది. ముగ్గురు మగవాళ్ళు గేటు దగ్గర నిలబడ్డారు.  పైన రాళ్ళ బాట మీద ఆమె నీలం చొక్కా కనబడటం, మాయమవటం, మళ్ళీ కనబడటం. తొట్టి దగ్గరి మలుపులో బండిని పడుకోబెట్టినట్టు వంచి ఒక్క ఊపున తిప్పేసింది.

"చూస్తివా?" అన్నాడు కరుప్పన్. "ఆ సందులో అంత పెద్ద చక్రం తిరుగుతుందా?"

తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు.

ఊపిరి తీసుకోవడానికి ఆమెకు పావుగంట ఇచ్చారు. కొత్త బండి సీటును మణిమారన్ ఆమె ఎత్తుకు దించాడు, టైర్లలో గాలి వేళ్ళతో నొక్కి చూశాడు, బ్రేకు పిడిని ఆమె వేళ్ళకు అందేలా దగ్గరికి జరిపాడు. ఆ పని చేస్తున్నప్పుడు అతని చేతులు మెత్తగా, తొందర లేకుండా కదిలాయి. "ఎక్కేటప్పుడు మొదట బరువుగా ఉంటుంది. కదిలినాక తెలీదు. రాయి వస్తే తప్పించబోకు. మీదికే పోనీ," అన్నాడు.

ఆమె విన్నట్టు తల ఊపలేదు కానీ విన్నది.

గేటు నుంచి కదలడంలో బండి నిజంగానే బద్ధకించింది. కరుప్పన్ "హూం" అన్నాడు. గట్టు మీద సమానంగా పోయింది. ఆ తర్వాత రాళ్ళ బాట మొదలైంది. ఇంతకుముందు ఎక్కడెక్కడ ఆమె సీటు మీంచి లేచి, ఎగిరి, పక్కకు లాగి పోయిందో, అక్కడంతా ఇప్పుడు కూర్చునే పోతోంది. ఆ పెద్ద చక్రం రాయి నెత్తిన ఎక్కి దిగిపోతోంది. చూస్తున్న వెంకటరామన్ నోరు కొద్దిగా తెరుచుకుంది. తొట్టి మలుపులో మాత్రం బండి వెడల్పుగా తిరిగింది. ఆమె కాలు కింద పెట్టింది, తడబడింది, తోసుకుని మళ్ళీ ఎక్కింది.

తొమ్మిది నిమిషాల నాలుగు సెకన్లు. కాలు కింద పెట్టి కూడా.

"అది సరి లేదు," కరుప్పన్ వెంటనే అన్నాడు. "మొదటిసారి ఒళ్ళు వేడెక్కలేదు. రెండోసారి వేడెక్కింది."

"రెండోసారికి అలసిపోయుంటుంది నాయనా! అలసిపోయి కూడా ముప్పై ఆరు సెకన్లు ముందొచ్చింది. ఇంకేమి కావాల నీకు?"

"నువ్వు చెప్పు సెల్వీ," అన్నాడు వెంకటరామన్.

ఆమె బండి దిగలేదు. రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, పిడి మీద చేతులుంచి, ముందు చక్రం వంక చూస్తూ ఉంది. చెమట గడ్డం మీంచి కారుతోంది.

"బాగుండాది," అంది.

మణిమారన్ గుండె తేలికయింది. "చెప్పినాను కదా..."

"బాగుండాది! చానా బాగుండాది!" ఆమె మూడు రోజుల తర్వాత మొదటిసారి నేరుగా అతని ముఖంలోకి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రాళ్ళు ఉన్నట్టే తెలీలేదు. ఇట్లాంటిది ఒకటి ఉండాదని తెలీకుండ రెండేండ్లు తొక్కినాను. ఇప్పుడు తెలిసింది. సాయంత్రం దీన్ని నువ్వు తీసుకోని పోతావు. నా బండిని రేపు ఆ సామాన్ల బండివాడు తీసుకోని పోతాడు. ఇది నాకెందుకు చూపించినావన్నా?"

అతను నోరు తెరిచాడు. అరవిందన్ ఇచ్చిన మాటను ఇప్పుడు చెప్పేయాలి. నాలుక చివరి దాకా వచ్చింది.

అంతలో వెంకటరామన్ అడ్డుపడ్డాడు. "ఒక్క నిమిషం. సైజు సంగతి నేను ఒప్పుకుంటా మణీ. ఇరవై తొమ్మిదే వేగం. కానీ శనివారం పందెంలో సగం బడులు ఇరవై ఆరు మీదే వస్తాయి. పాతదైతే పాతదని రాసుంటే హెడ్‌మిస్ పట్టించుకునేదే కాదు. ఎక్కితే ప్రమాదం అని రాసినావు చూడు, ఆ మాటకే తాళం పడింది. నన్ను మూడు రోజులుగా తొలిచేది అదే. ఏ బండికి ఏమి ప్రమాదం? ఆరింటిలో ఏది?"

మణిమారన్ గోడకు ఆనించిన సైకిళ్ళ వైపు చూశాడు.

"ఏ నంబరు?"

"ఒకటో నంబరుకు ఫోర్కు బిగుసుకుపోయింది సార్. ముందు చక్రం వంగి ఉండాది."

"సరి. రెండు?"

 మైదానం పక్కన ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు.

"రెండుకు ఏమిరా?" అన్నాడు కరుప్పన్ నెమ్మదిగా. ఆ నెమ్మదితనం మణిమారన్‌కు తెలుసు. దానికంటే అరుపే మేలు.

"చూడలేదు నాయనా."

"మూడు?"

"ఒకటే చూసినాను. ఆ పొద్దు షోరూంలో జనం ఎక్కువ. మేనేజరు వచ్చి, ఒకటి విప్పి చూసినావు కదా, మిగతావీ అదే వయసు, అన్నిటికీ అదే రాసేయ్ అన్నాడు. ఎట్లాగూ ఇరవై ఆరే కదా అనుకున్నా. ఎట్లాగూ పోయేవే కదా అని..."

ఆ "పోయేవే కదా" అన్న మాట తన నోటి నుంచి వచ్చాక దాని రుచి అతనికే తెలిసింది. రెండేళ్ళుగా షోరూంలో తెల్ల చొక్కా వేసుకుని, వచ్చినవాళ్ళకు చక్రాల తేడా గంటల తరబడి చెబుతూ, తాను తండ్రి లాంటి పంక్చర్లవాడు కాడని లోలోపల అనుకుంటూ వచ్చాడు. ఆ తండ్రి ఎదురుగా ఇప్పుడు నిలబడి ఉన్నాడు. బండిని ఎత్తి ఒకసారి తిప్పి చూడకుండా కరుప్పన్ ఏనాడూ నోరు విప్పలేదు. అది ఎవరి బండైనా సరే.

కరుప్పన్ తిట్టలేదు. వంగి, వెంట తెచ్చుకున్న తన ఇనుప పెట్టె తెరిచాడు. స్పానర్లు ఒక్కొక్కటీ గోనె సంచి మీద పరిచాడు.

"ఇప్పుడు చూడు," అన్నాడు. "కూచో. ఒకటి నుంచి మొదలుపెట్టు."

మధ్యాహ్నం దాకా తండ్రీ కొడుకులు షెడ్డు నీడలో కూర్చుని పని చేశారు. మాటలు లేవు. "పదమూడు ఇయ్యి." "పట్టుకో." "తిప్పు." అంతే. ఒకటో నంబరు వంగిన చక్రాన్ని కరుప్పన్ పుల్లలు ఒక్కొక్కటే బిగించి, వదిలించి, గిర్రున తిప్పి, గంటలో నిక్కచ్చిగా నిలబెట్టాడు. బిగుసుకున్న ఫోర్కును మణిమారన్ విప్పి, లోపలి తుప్పు తుడిచి, గ్రీజు పెట్టాడు. అది మళ్ళీ కిందికీ పైకీ ఆడింది. రెండోదానికి పెడలు ఇరుసు వదులు. మూడోదానికి టైరు నెర్రెలిచ్చింది. అలాంటి టైరు బస్‌స్టాపు పక్క కొట్లో ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది, పోయి తెచ్చారు. ఐదు, ఆరు నంబర్లకు బ్రేకు తీగలు మార్చడం తప్ప వేరే పని లేదు.

సామాన్లు దొరకవు అని రాశాడు. ఒక పూటలో, నడిచి పోయేంత దూరంలో అన్నీ దొరికాయి.

మూకాయి అన్నం తెచ్చింది. షెడ్డు ముందు వరసగా నిలబడ్డ బండ్లను చూసి, కొడుకు నల్లబడ్డ చేతులను చూసి, ఏమి అడగాలో తెలియక, "తినండి ముందు," అంది.

"నాలుగో నంబరు మిగిలింది," అన్నాడు మణిమారన్.

"నాది చూడక్కర్లేదు," తమిళ్‌సెల్వి దాన్ని పట్టుకుని నిలబడింది. "పొద్దున్నే కదా దీని మీద కొండెక్కి వచ్చినాను."

"అన్నీ చూస్తా ఉండాను సెల్వీ. అదీ చూస్తా."

చక్రాలు బాగున్నాయి. బ్రేకు బాగుంది. ఫోర్కు మంచిది. బాగుంది అని చెప్పడానికి అతను తల ఎత్తబోతూ, అలవాటు కొద్దీ హ్యాండిలు కింది గొట్టాన్ని గుడ్డతో తుడిచాడు. ఆ గొట్టానికి కింది నుంచి వచ్చే లావు గొట్టం అతికే చోట, అతుకు పక్కనే, రంగు మీద ఒక సన్నని గీత. వెంట్రుక అనుకుని గోటితో గీకాడు. వెంట్రుక కాదు.

అతని చేయి అక్కడే ఆగిపోయింది.

"ఏమి?" అంది తమిళ్‌సెల్వి.

"నాయనా, ఇట్లా రా. ఈడ వేలు పెట్టు."

కరుప్పన్ వంగి చూశాడు. కళ్ళు చిట్లించాడు. బొటనవేలితో రెండుసార్లు రుద్దాడు. "నాకేమీ తగల్లేదు. రంగు గీసుకుందేమో."

"రంగు కాదు. బీట."

"అబద్ధం," అంది తమిళ్‌సెల్వి.

"సెల్వీ..."

"అబద్ధం! ఐదు బాగుండి, నాది ఒక్కటే చెడిపోయిందా? నీ ఇరవై తొమ్మిది గెలవాల, అంతేకదా నీకు? చూడకుండ ఆరు చెడిపోయినాయని రాసినవాడివి నువ్వే కదా. నాయనకు తగలంది నీకు తగిలిందా?"

అతనికి ఒళ్ళు మండింది. మండి, మరుక్షణమే చల్లారింది. ఆమె అన్నదాంట్లో కాదనడానికి ఒక్క మాట కూడా లేదు. మొదటిసారిగా తను కళ్ళారా చూసి చెబుతున్నాడు. చెప్పినా నమ్మేవాళ్ళు లేరు.

కరుప్పన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "వెంకటరామన్ సారూ, తరగతిలో సుద్దముక్క ఉంటే ఒకటి ఇయ్యండి," అన్నాడు.

సుద్దముక్క వచ్చింది. కరుప్పన్ గుడ్డను కిరసనాయిలులో ముంచి ఆ అతుకు చుట్టూ తడిపాడు. కాసేపు ఆగాడు. పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచేశాడు. సుద్దను అరచేతిలో నలిపి, పొడిని ఆ చోట పల్చగా పూశాడు. గొట్టం తెల్లబడింది.

"బీట ఉంటే లోపలికి పోయిన కిరసనాయిలు బయటికి వస్తుంది," అన్నాడు. "లేకపోతే తెల్లగానే ఉంటుంది. చూస్తాం."

నలుగురూ వంగి చూశారు. మూకాయి కూడా అన్నం గిన్నె పట్టుకునే వంగింది. కొద్దిసేపు ఏమీ లేదు. తెలుపు తెలుపుగానే ఉంది. తమిళ్‌సెల్వి పెదవి చివర ఒక గెలుపు మొదలైంది.

తర్వాత ఆ తెలుపులో ఒక చుక్క తడి పుట్టింది. పక్కన ఇంకొకటి. రెండూ కలిసి నెమ్మదిగా ఒక చీకటి గీతగా సాగాయి. సగం గొట్టం చుట్టూ.



"వెల్డింగు పెట్టిస్తే?" అన్నాడు కరుప్పన్, అడగాలి కాబట్టి అడుగుతున్నట్టు.

"ఇనుమైతే పెట్టొచ్చు. ఇది అల్యూమినియం నాయనా. పెట్టినా నమ్మలేం. దిగుడులో విరిగితే..." అతను వాక్యం పూర్తి చేయలేదు. పొద్దున ఆమె ఆ రాళ్ళ మీద ఎగిరి దిగిన చోట్లన్నీ అతని కళ్ళ ముందు వరసగా తిరిగాయి.

తమిళ్‌సెల్వి సీటు మీంచి చేయి తీసేసింది. గొట్టం మీద ఆ గీతను ఒకసారి వేలితో తాకింది. సుద్ద వేలికి అంటుకుంది. దాన్ని చొక్కాకు తుడుచుకుని, షెడ్డు వెనక్కి పోయి మెట్టు మీద కూర్చుంది. మూకాయి వెంట పోబోతే, వద్దన్నట్టు చేయి ఊపింది.

వెంకటరామన్ గొంతు సవరించుకున్నాడు. "మణీ, ఐదు బండ్లు బాగున్నాయని నువ్వు రాసివ్వాల. హెడ్‌మిస్ ఇంటికి ఇప్పుడే తీసుకోని పోతా. రేపు ఆ సామాన్ల బండి వచ్చేలోపల ఆమె చేతిలో ఉండాల. కానీ మొదట రాసింది ఎందుకు తప్పో కూడ అందులో రాయాల. సుమ్మా, ఊరికే బాగుండాది అంటే ఆమె ఒప్పుకోదు."

"అట్ల రాస్తే వీడి వేల?" అంది మూకాయి.



సారు ఇచ్చిన తెల్ల కాగితాన్ని మణిమారన్ ఇనుప పెట్టె మూత మీద పెట్టుకున్నాడు. ఈ కాగితం అరవిందన్‌కు తెలిస్తే తన ఉద్యోగం సంగతి ఏమవుతుందో అతనికి తెలుసు. అంతకంటే ముందు పోయేది ఇంకొకటి. స్కూలుకు ఐదు బండ్లు ఉన్నాయని తేలితే కొత్తవి ఆరు కొనరు. కొనకపోతే శనివారం ఆ ఇరవై తొమ్మిది సెల్వికి దక్కదు. రాయకపోతే సెల్వి ఒక్కతే ఆ బండి మీద పోతుంది. కొత్తవి శనివారంలోపల రావు కాబట్టి మిగతా ఐదుగురు పిల్లలు ఇంట్లో కూర్చుంటారు.

షెడ్డు వెనకవైపు చూశాడు. మెట్టు మీద ఆమె వీపు కనిపిస్తోంది. లేచి పోయి ఈ సంగతి చెప్పవచ్చు. చెబితే ఆమె ఏమంటుందో అతనికి భయం వేసింది. రాయమన్నా భయమే, వద్దన్నా భయమే.

రాశాడు. ఇంగ్లీషులో కాదు, తమిళంలో, ఎవరూ తిప్పి చెప్పనక్కర లేకుండా. ఇంతకుముందు ఇచ్చిన కాగితం ఒక్క బండినే చూసి రాసిందని రాశాడు. ఒకటి, రెండు, మూడు, ఐదు, ఆరు నంబర్లు తన చేత్తో విప్పి చూశానని, తొక్కవచ్చునని రాశాడు. చక్రం పాత సైజుదే కానీ ఆ కారణానికి పారేయనక్కర లేదని రాశాడు. నాలుగో నంబరును ఎవరూ ఎక్కకూడదు అని రాశాడు. కింద పేరు పెట్టాడు.

వెంకటరామన్ చదివి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అతని భుజం మీద ఒకసారి చేయి వేసి, మోటారుసైకిల్ వైపు నడిచాడు.

అప్పుడు మణిమారన్ షెడ్డు వెనక్కి పోయాడు.

"సెల్వీ. ఒకటి చెప్పాల."

ఆమె తల తిప్పలేదు. అతను నిలబడే చెప్పాడు. అరవిందన్ ఇస్తానన్న మాట, దానికి పెట్టిన షరతు, ఇప్పుడు తను రాసిన కాగితం, అన్నీ వరసగా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె మెడ అలాగే ఉంది. చివర్లో, "మిగతా ఐదుగురి కోసం రాసినాను. నీకు కోపం వస్తుందని తెలుసు," అన్నాడు.

"ఆ బండి నాకు శనివారం వచ్చుండేదా?"

"స్కూలువాళ్ళు కొంటామంటే వచ్చుండేది."

"పొద్దున్నుంచి నీకు తెలుసు."

"నిన్నటి నుంచి."

ఆమె లేచి నిలబడింది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. గొంతు అలసిపోయి, పొడిగా ఉంది.

"నేను కూడా రాయమనే చెప్పుందునేమో అన్నా. పళనియమ్మాళ్ వాళ్ళను, ఆ ఐదుగురినీ ఇంట్లో కూచోబెట్టి నేనొక్కదాన్నే పోయుందునా? పోయుండనేమో. నాకు తెలీదు. ఇప్పుడు ఎప్పటికీ తెలీదు." ఒక్క అడుగు దగ్గరికి వచ్చింది. "మొదట చూడకుండ రాసినావు. ఇప్పుడు అడక్కుండ రాసినావు. పోగొట్టుకునేదాన్ని నేను కదన్నా? నన్ను ఒక్క మాట అడిగితే నీకు ఏమి పోయుండేది?"



గేటు దగ్గర వెంకటరామన్ మోటారుసైకిల్ కిక్కు కొడుతున్నాడు. మొదటిసారి పట్టలేదు. రెండోసారీ పట్టలేదు.

తమిళ్‌సెల్వి అటు చూసింది. అన్నను దాటుకుని, తండ్రి పరిచిన స్పానర్లను దాటుకుని, గేటు వైపు నడవడం మొదలుపెట్టింది. తర్వాత పరుగెత్తింది.

"సార్!" అని పిలిచింది. "సార్, ఆ కాగితం ఒకసారి ఇయ్యండి! నేను చదివి ఇస్తేనే తీసుకోని పోండి!"